ప్రత్యేకాధికారుల పాలన - ఆర్థిక సంఘం గ్రాంట్లు : మన్యం పంచాయతీల అనుభవం

ప్రత్యేక వ్యాసం

విశాఖపట్నం నుంచి అరకులోయకు వెళ్లే ఘాట్ రోడ్డులో, కొత్తవలస - కిరండూల్ రైలు మార్గాన ఉన్న టైడా, అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలానికి చెందిన గిరిజన గ్రామం. ఇది రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు వర్తించే ప్రాంతంలో ఉన్నది. 2018 ఆగస్టు నుంచి 2021 ఏప్రిల్ వరకు, అంటే సుమారు రెండు సంవత్సరాల ఎనిమిది నెలల పాటు, రాష్ట్రమంతటితో పాటు ఈ కొండ ప్రాంతపు పంచాయతీలలోనూ సర్పంచుల స్థానంలో ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారులు పాలన సాగించారు. సర్పంచుకు గల అధికారాలు వారికి సంక్రమించాయి. కాని కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు పొందే అర్హత మాత్రం వారి పాలనలోని పంచాయతీకి లేకపోయింది. ఈ పరిస్థితి ఎందుకు ఏర్పడుతుంది, ఎట్లు తొలగుతుంది, గిరిజన ప్రాంతాలపై దీని ప్రభావమేమిటి అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రత్యేకాధికారి ఎవరు?

పంచాయతీల పదవీకాలం ఐదేళ్లని, ఆ గడువు ముగియక ముందే తదుపరి ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243-ఇ అధికరణం నిర్దేశిస్తున్నది. ఎన్నికల నిర్వహణ బాధ్యతను 243-కె అధికరణం రాష్ట్ర ఎన్నికల సంఘానికి అప్పగించింది. ఏ కారణం చేతనైనా ఎన్నికలు సకాలంలో జరగనిచో, పాలన స్తంభించకుండా ప్రత్యేకాధికారిని నియమించేందుకు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టంలోని 143వ సెక్షను ప్రభుత్వానికి వీలు కల్పిస్తున్నది. సాధారణంగా మండల స్థాయి అధికారులను ఈ పదవిలో నియమిస్తారు. తమ సొంత శాఖ విధులకు అదనంగా ఒక్కొక్కరు కొన్ని పంచాయతీల బాధ్యతను చూడవలసి ఉంటుంది.

ఇది తాత్కాలిక ఏర్పాటు మాత్రమే. ఎన్నికలను సకాలంలో నిర్వహించడం రాజ్యాంగపరమైన బాధ్యత అని, సాధారణ కారణాలతో వాటిని వాయిదా వేయరాదని కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు 2006 అక్టోబరులో స్పష్టం చేసింది.

గ్రాంటు ఎందుకు నిలిచిపోతుంది?

పంచాయతీల వనరులకు తోడ్పాటుగా రాష్ట్ర సంచిత నిధిని పెంపొందించే చర్యలను సూచించవలసిన బాధ్యతను 73వ సవరణ ద్వారా చేర్చిన 280 (3) (బిబి) నిబంధన కేంద్ర ఆర్థిక సంఘానికి అప్పగించింది. రాజ్యాంగం దృష్టిలో పంచాయతీ అనగా ప్రజలు ప్రత్యక్షంగా ఎన్నుకున్న సభ్యులతో ఏర్పడిన సంస్థ. కావున ఎన్నికైన పాలకవర్గం లేని చోట కార్యాలయం, కార్యదర్శి, బ్యాంకు ఖాతా ఉన్నప్పటికీ గ్రాంటు స్వీకరించవలసిన సంస్థ లేనట్లే భావించడం జరుగుతుంది. సక్రమంగా ఏర్పాటైన పంచాయతీలకే గ్రాంటు అన్న నియమానికి మూలం ఇదే. ప్రత్యేకాధికారి సమర్థతకు గాని, నిజాయితీకి గాని దీనితో సంబంధం లేదు.

14వ ఆర్థిక సంఘం 2015-20 కాలానికి దేశంలోని గ్రామ పంచాయతీలకు రూ.2,00,292.20 కోట్లు సిఫారసు చేసింది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు రూ.2,36,805 కోట్లు సిఫారసు చేసింది. ఇందులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యం పనులకే వినియోగించాలి. మిగిలిన 40 శాతాన్ని జీతభత్యాలకు, కార్యాలయ నిర్వహణ వ్యయానికి మినహా స్థానిక అవసరాలకు ఖర్చు చేసుకోవచ్చు. కేంద్రం నుంచి నిధులు అందిన పది పనిదినాలలో రాష్ట్రాలు వాటిని స్థానిక సంస్థలకు బదిలీ చేయాలి. ఆలస్యమైతే వడ్డీతో చెల్లించాలి.

ఒక ఆర్థిక సంఘం సిఫారసుల కాలం ఐదేళ్లే. ఆ కాలం ముగిసేలోగా ఎన్నికలు జరగని పక్షంలో నిలిచిన వాయిదాలు శాశ్వతంగా చేజారిపోయే ప్రమాదమున్నది.

రెండు పర్యాయాలు ఎదురైన పరిస్థితి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ పంచాయతీల గడువు 2011 ఆగస్టులో ముగిసింది. 2013 జూలై 23, 27, 31 తేదీలలో ఎన్నికలు జరిగేవరకు దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలనే సాగింది. మండల, జిల్లా పరిషత్తులకు 2014 ఏప్రిల్‌లో గాని ఎన్నికలు జరగలేదు.

ఆ విధంగా 2013లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2018 ఆగస్టు 1న ముగిసింది. మరునాటి నుంచి తిరిగి ప్రత్యేకాధికారులు వచ్చారు. మూడు నెలలలో ఎన్నికలు జరపాలని 2018 అక్టోబరులో హైకోర్టు ఆదేశించినా అవి జరగలేదు. 2020 మార్చిలో స్థానిక ఎన్నికల ప్రక్రియ ప్రారంభం కాగా, కరోనా వ్యాప్తి దృష్ట్యా మార్చి 15న నాటి రాష్ట్ర ఎన్నికల కమిషనరు నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ వాటిని వాయిదా వేశారు. 14వ ఆర్థిక సంఘం కాలం అదే నెల 31న ముగియనున్నందున, సుమారు రూ.5,000 కోట్ల కేంద్ర నిధులు కోల్పోవలసి వస్తుందని రాష్ట్ర ప్రభుత్వం ఆందోళన వెలిబుచ్చింది. ఎన్నికల వాయిదాలో జోక్యం చేసుకొనేందుకు సుప్రీంకోర్టు నిరాకరించింది.

2021 జనవరి 8న ప్రకటించిన పంచాయతీ ఎన్నికల కార్యక్రమం సైతం న్యాయస్థానాల పరిశీలనకు వెళ్లింది. ఈ పర్యాయం వాయిదా కోరినది ప్రభుత్వం కాగా, నిర్వహణకు పట్టుబట్టినది ఎన్నికల సంఘం. జనవరి 21న హైకోర్టు ధర్మాసనం అనుమతించగా, జనవరి 25న సుప్రీంకోర్టు ప్రభుత్వ అభ్యర్థనను తోసిపుచ్చింది. ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీలలో నాలుగు విడతలుగా ఎన్నికలు జరిగాయి. పాడేరు డివిజనులోని ఏజెన్సీ మండలాలకు మూడవ విడతలో, ఫిబ్రవరి 17న పోలింగు జరిగింది. ఏప్రిల్‌లో కొత్త సర్పంచులు బాధ్యతలు స్వీకరించడంతో గ్రామ స్థాయిలో ప్రత్యేకాధికారుల పాలన ముగిసింది. మండల, జిల్లా పరిషత్తులకు ఏప్రిల్ 8న పోలింగు జరిగినా, ఓట్ల లెక్కింపు సెప్టెంబరు 19న గాని జరగనందున ఆ స్థాయిలో మరికొంత కాలం అదే పాలన కొనసాగింది.

పట్టణాలకు సైతం ఈ అనుభవం కొత్తది కాదు. మహా విశాఖ నగరపాలక సంస్థ 2012 నుంచి 2021 మార్చి వరకు ఎన్నికైన పాలకమండలి లేకుండానే ఉన్నది. తెలంగాణలో 2024 ఫిబ్రవరి 2 నుంచి గ్రామ పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలన కిందకు వెళ్లాయి. 2025 సెప్టెంబరు 30 లోగా ఎన్నికలు పూర్తి చేయాలని హైకోర్టు 2025 జూన్‌లో ఆదేశించగా, చివరకు డిసెంబరు 11, 14, 17 తేదీలలో అవి జరిగాయి.

మన్యానికి రెండు విధాల నష్టం

మైదాన ప్రాంతంలో ప్రత్యేకాధికారి పాలన వలన ప్రధానంగా నిధులకు లోటు ఏర్పడుతుంది. షెడ్యూల్డు ప్రాంతంలో అంతకుమించిన నష్టం ఉన్నది. 243-ఎం అధికరణం ప్రకారం రాజ్యాంగంలోని పంచాయతీల భాగం ఈ ప్రాంతాలకు నేరుగా వర్తించదు. 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టం, అనగా పెసా చట్టం ద్వారా, కొన్ని ప్రత్యేక రక్షణలతో అది ఇక్కడ అమలులోకి వచ్చింది. తదనుగుణంగా రాష్ట్ర చట్టాన్ని 1998లో సవరించారు; 2011లో నియమావళి రూపొందింది.

ఈ చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో అన్ని స్థాయిల పంచాయతీల అధ్యక్ష పదవులు షెడ్యూల్డు తెగల వారికే రిజర్వు చేయబడినవి. సభ్యుల స్థానాలలో సగానికి తక్కువ కాకుండా వారికే చెందాలి. ప్రత్యేకాధికారి నియామకానికి ఇట్టి నిబంధన ఏదీ లేదు. ఆయన ఏ శాఖ నుంచి అయినా, ఏ వర్గం నుంచి అయినా రావచ్చును. ఆ విధంగా గిరిజనునికే దక్కవలసిన పదవి ఎన్నికల ఆలస్యం కారణంగా ఇతరుల చేతికి వెళ్లే అవకాశం ఏర్పడుతున్నది.

ఆర్థికంగానూ ఏజెన్సీ పంచాయతీల స్థితి భిన్నమైనది. కొండలపై చెదురుమదురుగా ఉన్న చిన్న ఆవాసాల నుంచి వచ్చే ఇంటిపన్ను స్వల్పం. ఊట నీటిని గొట్టాల ద్వారా దించే పథకం మరమ్మతు, మంచినీటి బోరు బాగుచేత, వర్షాకాలంలో బ్లీచింగు, వీధిదీపాలు వంటి నిత్యావసరాలకు ఆర్థిక సంఘం నిధులే ముఖ్యమైన ఆధారం. సొంత ఆదాయమున్న పెద్ద పంచాయతీ గ్రాంటు ఆగినా కొంతకాలం నెట్టుకురాగలదు. కొండ పంచాయతీకి ఆ వెసులుబాటు లేదు.

గ్రామసభకు గల హక్కులు

పాలకవర్గం లేనంత మాత్రాన గ్రామసభ రద్దు కాదు. ఓటర్ల జాబితాలో పేరున్న వారందరితో కూడిన ఆ సభకు పెసా చట్టం ముఖ్యమైన అధికారాలను కల్పించింది.

- గ్రామంలో చేపట్టే అభివృద్ధి ప్రణాళికలను, పథకాలను అమలుకు ముందు ఆమోదించడం.
- పేదరిక నిర్మూలన పథకాల లబ్ధిదారులను గుర్తించడం.
- పంచాయతీ వెచ్చించిన నిధులకు వినియోగ ధ్రువీకరణ ఇవ్వడం.

ప్రత్యేకాధికారి పాలనలో ఉన్న గ్రామంలోనూ, వచ్చిన ఇతర నిధులెన్ని, ఏ పనికి ఎంత ఖర్చయినదన్న విషయాలను గ్రామసభలో ప్రశ్నించే హక్కు ప్రజలకు ఉన్నది.

పరిష్కారం ఎన్నికలే

ఒక ప్రత్యేకాధికారిని మార్చి మరొకరిని నియమించినందువలన గ్రాంటు అర్హత తిరిగి రాదు. ఎన్నికైన పాలకవర్గం బాధ్యతలు చేపట్టిన నాడే ప్రత్యేకాధికారి పదవి ముగుస్తుంది. పంచాయతీకి అర్హత లభిస్తుంది. ఓటర్ల జాబితా, రిజర్వేషన్ల ఖరారు, వార్డుల విభజన వంటి పనులను గడువుకు ముందే పూర్తి చేయడం అందుకు తొలి మెట్టు. గత అనుభవాలలో జాప్యానికి తరచు కారణమైనవి ఈ పనులు, వాటిపై తలెత్తిన వివాదాలే. 2026-31 కాలానికి 16వ ఆర్థిక సంఘం సిఫారసులు వర్తించనున్న తరుణంలో, టైడా వంటి కొండ గ్రామాలకు పంచాయతీ ఎన్నిక సకాలంలో జరగడం ఊటనీటి గొట్టం ఎండిపోకుండా ఉండటంతో ముడిపడిన విషయం.