అక్షరం రాకున్నా ఆకారం చదవొచ్చు: ఖమ్మం–భద్రాచలం దారిలో రోడ్డు గుర్తులు, పార్కింగ్ నిబంధనలు

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ, సారపాక మీదుగా వచ్చి గోదావరి వంతెన దాటితే భద్రాచలం. అక్కడి నుంచి 30వ నంబరు జాతీయ రహదారి ఎటపాక, చింతూరు, కుంట మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోకి పోతుంది. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలవడంతో భద్రాచలం పట్టణం దాటగానే రాష్ట్రం మారుతుంది. కుంట దాటితే బోర్డుల మీద హిందీ ఉంటుంది. తెలంగాణ అంతటా 2017లో ఉర్దూను రెండో అధికార భాషగా ప్రకటించినా, ఉర్దూ మాత్రమే చదవగలిగే డ్రైవర్‌కు తన లిపిలో బోర్డు ప్రతి చోటా దొరకదు. అయితే గుర్తుల ఆకారం, రంగు దేశమంతా ఒక్కటే. అవి తెలిస్తే ఏ భాష వారైనా దారి తప్పరు.

ఆకారం ఏం చెబుతుంది?

గుండ్రటి గుర్తు అంటే ఆజ్ఞ. తప్పకుండా పాటించాలి. ఎర్ర వలయంలో 40 అని ఉంటే గంటకు 40 కిలోమీటర్లు దాటొద్దని అర్థం. ఎర్ర అంచున్న త్రికోణం హెచ్చరిక: ముందు మలుపు, ఇరుకు వంతెన, బడి, పశువులు దాటే చోటు ఉన్నాయని. తలకిందులైన త్రికోణం ఎదుటివారికి దారి ఇవ్వమంటుంది. ఎనిమిది మూలల ఎర్ర పలక దగ్గర బండి పూర్తిగా ఆగాలి. దీర్ఘచతురస్రం సమాచారం మాత్రమే: ఆసుపత్రి, పెట్రోల్ బంకు లాంటివి.

జాతీయ రహదారిపై దారి చూపే బోర్డు ఆకుపచ్చగా, అక్షరాలు తెల్లగా ఉంటాయి. పర్యాటక ప్రదేశాల బోర్డు గోధుమ రంగు. మైలురాయి పైభాగం పసుపైతే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి, నారింజైతే ప్రధానమంత్రి పథకం కింద వేసిన పల్లె రోడ్డు. రాత్రిపూట అడవిలో పసుపు రాళ్లు పోయి నారింజ రాళ్లు వస్తున్నాయంటే బండి హైవే దిగిపోయినట్టే.

ఒక గీత, రెండు గీతలు

నీలి వృత్తం, ఎర్ర అంచు, అడ్డంగా ఒకే ఎర్ర గీత ఉంటే నో పార్కింగ్. మనిషిని దించి వెంటనే కదలొచ్చు, బండి వదిలి పోకూడదు. రెండు గీతలు ఒకదాన్నొకటి కోస్తే క్షణం కూడా ఆపొద్దు. ఆటో డ్రైవర్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. నీలి పలకపై తెల్లటి ‘పి’ అక్షరం ఉంటే పార్కింగ్ స్థలం. కింద చిన్న పలక ఉంటే అదీ చూడాలి. ఏ బండికి, ఏ సమయంలో అన్నది దాని మీదే ఉంటుంది.

బోర్డు లేకపోయినా మలుపులో, కూడలి దగ్గర, ఫుట్‌పాత్ మీద, బస్టాప్ దగ్గర, ఆసుపత్రి గేటు ముందు పార్క్ చేయకూడదు. నిషేధించిన చోట పెట్టిన బండిని తరలించమని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి చెప్పొచ్చు. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం ఆ ఖర్చు యజమానిదే, జరిమానా వేరు.

శ్రీరామనవమి, ముక్కోటి రోజుల్లో

ఈ పండుగలకు భద్రాచలంలో రద్దీ ఎక్కువ. నెల రోజుల లోపు ఆంక్షలకు గెజిట్ ప్రకటన అక్కర్లేదని, స్థానికంగా తెలియజేస్తే చాలని 115వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి తాత్కాలిక బోర్డే కదా అని తీసిపారేయకూడదు. మళ్లింపు బాణాలు రోజువారీ దారికి భిన్నంగా ఉన్నా వాటినే అనుసరించాలి.

అడవిలో ఆపాల్సి వస్తే

పాల్వంచ వైపు కిన్నెరసాని అభయారణ్యం ఉంది. అభయారణ్యం గుండా పబ్లిక్ రోడ్డు మీద వెళ్లడానికి అనుమతి అక్కర్లేదు, రోడ్డు దిగి లోపలికి పోవాలంటే మాత్రం కావాలి. బండి చెడిపోతే మలుపు దాటించి రోడ్డు అంచుకు తీయాలి. పార్కింగ్ లైట్లు వేసి, వెనకాల కాస్త దూరంలో మెరిసే త్రికోణం పెట్టాలి. చెట్టుకొమ్మలు, రాళ్లు అడ్డం పెట్టి, తర్వాత వాటిని అక్కడే వదిలేసి పోతే వెనక వచ్చే బైకు వాడి ప్రాణం మీదికి వస్తుంది.

చింతూరు నుంచి మారేడుమిల్లి వైపు మళ్లేవారికి ఘాట్ రోడ్డు ఎదురవుతుంది. 2019 అక్టోబరులో భద్రాచలం చూసుకుని వెళ్తున్న యాత్రికుల వాహనం ఆ ఘాట్‌లోనే లోయలో పడి పలువురు చనిపోయారు. అక్కడ మలుపు త్రికోణం కనబడగానే గేరు తగ్గించాలి, హారన్ కొట్టాలి, ఓవర్‌టేక్ మానాలి. సరిహద్దు దాటే ట్యాక్సీ, ఆటో, లారీలకు ఆ రాష్ట్రంలో చెల్లే పర్మిట్ ఉందో లేదో బయల్దేరే ముందే చూసుకోవాలి.