కపాలసంధానము

న్యాయశాస్త్రమున ఘటమునకు కపాలద్వయము సమవాయికారణమనియు, తత్సంయోగ మసమవాయికారణమనియు చెప్పుదురు. బాల్యమున మేము పాఠశాలనుండి వచ్చి యిది వల్లించుచుండగా మా తండ్రిగారు నవ్వి, "సారె మీద కుండ ఒక్క ముద్దనుంచే లేస్తుంది గదా, రెండు చిప్పలెక్కడివిరా?" యనిరి. మాకు సమాధానము తోపలేదు.

హబ్సిగూడలో విశ్రాంతజీవనము గడపుచు, తార్నాకవైపు విశ్వవిద్యాలయపు చెట్లనీడల నడచునపు డాప్రశ్ననే తలపోయుచుందుము. సంగారెడ్డిసీమ కొండాపురమున (నగరములోనిది కాదు) 1940-42 నడుమ గులాం యజ్దానీగారు శాతవాహనకాలపు పట్టణమును త్రవ్వించిరి. అందు దొరకిన తెల్లమట్టిబొమ్మలలో ముందుభాగ మొక యచ్చునను, వెనుకభాగము వేఱొక యచ్చునను తీసి యతికినవి కలవు, లోపల బోలు. ఇవియే గదా కపాలద్వయము!

అతుకు రహస్యము తడిలో నున్నది. మట్టి యారుకొలది కుంచించుకొనును. ఒకటి పచ్చిగను వేఱొకటి యారియు నున్నచో, పచ్చిది హెచ్చుగా కుంచించుకొని సంధికడ చీలును. కావున రెండును ఆరీయారక యొక్కతీరున నుండగా అంచులు గీచి, ఆ మట్టినే పలుచగా కలిపి పూసి, గట్టిగా నదిమి, తడిగుడ్డ కప్పి, నీడను మెల్లగా నార్పవలెను. బోలుబొమ్మకు రంధ్రము విడువకున్న, మిగిలిన తడి యావములో నావిరియై పగులగొట్టును.

మా తండ్రిగారు కూజాకు కొమ్ము నట్లే యతికెడివారు. ఒకనాడు తొందరపడి మేమొక కూజా నెండలో బెట్టగా కొమ్ము రాలినది. వారొక్కమాటయు ననలేదు. ఆ పిమ్మటనే మమ్ము సంస్కృతపాఠశాలకు బంపి, సారెకడకు మఱల రానీయలేదు. కొండాపురపు బొమ్మను జూపి బదులు చెప్పుదమన్న వారిప్పుడు లేరు.