దీనార శబ్దము

నైఘంటికులు దీనారమునకు బంగారునాణెమని యొక్కమాటలో నర్థము చెప్పి విడుతురు. అమరసింహుఁడు నిష్కశబ్దమునకు నూటయెనిమిది సువర్ణములు, ఉరోభూషణము, పలము మున్నగు నర్థములతోఁ బాటు దీనారమును గూడఁ జెప్పెను. ఉణాదులలో నీ పదము క్షయార్థకమైన దీఙ్ ధాతువునుండి సాధింపఁబడినది. సాధుత్వ మట్లు సిద్ధించెనే కాని చరిత్ర మంతటితోఁ దేలదు. ఇది రోమకుల మాట.

లాటినున దేనారియుస్ అనఁగాఁ బదింటితోఁ గూడినది. క్రీ. పూ. 211 ప్రాంతమున రోమునందు వెండితో ముద్రింపఁబడిన యీ నాణెము పది 'ఆస్'లకు సమానము. తరువాతి శతాబ్దిలో దాని వెల పదునాఱు ఆస్సులయ్యెను. పేరు మాత్రము పదియే చెప్పుచుండెను. శబ్దమున కర్థము దూరమగుట స్వదేశముననే మొదలైనదన్నమాట.

గ్రీకుల నోట దేనారియోనై యీ పదము భారతదేశమునకు వచ్చెను. నల్లగొండ జిల్లా అక్కనపల్లె నిక్షేపమున 1500కుఁ బైగా దొరకిన రోమకనాణెములు వెండివే. అయినను సంస్కృతమున దీనారము పసిఁడి యైనది. రోమకులు తమ బంగారునాణెమును 'పసిఁడి దేనారియుస్' అనియు వ్యవహరించిరి. అది వెండివి యిరువదియైదింటికి సమము. కుషాణరాజగు విమకడ్ఫిసెస్ ముద్రించిన సుమారు 8 గ్రాముల బంగారునాణెము దానికి సమీపమైన తూనిక గలది. ఆ పేరు దీనికి సంక్రమించెననుట యుక్తము. జైనుల కల్పసూత్రమున శ్రీదేవి కంఠమున దీనారమాల వర్ణింపఁబడినది. నిష్కమునకును దీనారమునకును గల చుట్టఱిక మిందుఁ గానవచ్చును.

తెలుఁగునేలపై నీ పదమునకు ముఖ్యసాక్ష్యము నాగార్జునకొండ శాసనము. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని కాలమున, మహాదేవి రుద్రధరభట్టారిక మహాచైత్యమునకు శిలాస్తంభమును, 170 'దినారి మాషకములను' ఇచ్చెను. ఈ మాషకము ప్రత్యేకనాణెమా, దీనారములో భాగమా యనునది విచార్యము. స్మృతులలోని సువర్ణమునకుఁ బదునాఱు మాషములను లెక్క దీనికిఁ జెల్లినచో మొత్తము దానము పదునొకండు దీనారములకు లోఁబడును. నూటడెబ్బది పూర్ణదీనారములని చదువుటకును దీనికిని ఎంత యంతరము!

గుప్తశాసనములలో నిట్టి సంశయము లేదు. క్రీ. శ. 450-51 నాఁటి సాంచీశాసనమున 12 దీనారముల మూలధనముపై వడ్డితోఁ బ్రతిదినము నొక భిక్షువునకు భోజన మేర్పఱుపఁబడినది. క్రీ. శ. 448 నాఁటి బైగ్రామ తామ్రపత్రమున మూఁడు కుల్యవాపముల, రెండు ద్రోణవాపముల భూమికి 6 దీనారములు, 8 రూపకములు వెల. కుల్యవాప మెనిమిది ద్రోణవాపములు గనుక, కుల్యవాపమునకు రెండు దీనారముల చొప్పున లెక్కించినచో దీనారమునకుఁ బదునాఱు రూపకములని తేలును.

కాశ్మీరమున నీ పదము గతి వేఱు. ధాన్యపు ఖారి సుభిక్షమున 200 దిన్నారములనియు, కఱవున 1050కి నెక్కెననియు, అవంతివర్మ కాలమున సుయ్యుఁడు నీటిపనులు సాగించినపిదప 36కు దిగెననియు కల్హణుఁడు వ్రాసెను. ఇవి బంగారుగాఁ గొన్న నసంభవము. అచ్చట దిన్నార మతిస్వల్పమగు లెక్కప్రమాణము. క్షయార్థధాతు విచ్చటఁ జక్కఁగా నన్వయించినదని వైయాకరణులు సంతసింపవచ్చును.

అరబ్బులయందు మరల నిది పసిఁడియే. ఖలీఫా అబ్దుల్ మాలికు క్రీ. శ. 696-97లో 4.25 గ్రాముల దీనారమును ముద్రించెను.

శ్రీనాథుని పేరఁ బ్రసిద్ధమైన సీసపద్యమున దీనారటంకముల ప్రస్తావము గలదు. విజయనగరపుఁ బసిఁడినాణెములకు వరాహ, గద్యాణ, ప్రతాపములని వ్యవహారము. వరాహ తూనిక 3.4 గ్రాములు. కావున నా సమాసమున నాణెమును జెప్పునది టంకపదము. దీనారము బంగారమను నర్థమును మాత్రమే తెచ్చిన కావ్యపదముగాఁ గానవచ్చుచున్నది. ఆ కనకాభిషేకమును గుప్తుల దీనారములతోఁ దూఁచి వెలకట్టుట పొసఁగదు.