హెర్క్యులిస్‌కి మళ్లీ నల్లరంగు

మిత్రుడి కోసం వాళ్ల నాన్నగారి హెర్క్యులిస్ సైకిలు విప్పాను. బ్రిటన్ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ తోడ్పాటుతో 1949లో మద్రాసులో మొదలైన టీఐ సైకిల్స్ వారి అంబత్తూరు ఫ్యాక్టరీ బండి ఇది. అంతకుముందు మనవాళ్లు తొక్కినవి ఎక్కువగా సీమసరుకే.

తుప్పుపట్టిన నట్లను కిరసనాయిల్లో నానబెట్టాను. మడ్‌గార్డును ఎమెరీ కాగితంతో రుద్దుతుంటే మట్టి కింద సన్నటి బంగారు గీత కనిపించింది. కుంచెతో గీసిందే, ఒకచోట కాస్త లావెక్కింది. నల్ల ఎనామిల్ రెండు పూతలు వేశాక ఆ గీతను అలాగే మళ్లీ గీయించాను. రాడ్ బ్రేకులు తీసి కేబుల్ బ్రేకులు పెడదామన్నాడు మెకానిక్. ససేమిరా అన్నాను.

ముందు ఇరుసుకి మునిసిపాలిటీ పన్ను బిళ్ల ఇంకా ఉంది. ఆ రోజుల్లో బిళ్ల లేని సైకిలు దొరికితే జరిమానాయే. మీ ఇంట్లో పాత సైకిలుంటే పాతసామాన్లకి వేసేయకండి, ముందు ఆ బిళ్ల ఉందేమో చూడండి.