లైనక్స్ సూత్రానికి ప్రతిపద వ్యాఖ్య

సూత్రం: నకలు దాచి, లైవ్‌లో చూసి, చోటు పంచి, రాత మార్చి, ఆపైన లైనక్స్‌కు పోవలె.

అవతారిక: విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేనిదే ఎక్కనంటుంది. కరీంనగర్ డీటీపీ సెంటర్‌లోనో, ఆదిలాబాద్ విద్యార్థి ఇంట్లోనో పనిచేస్తున్న పాత ల్యాప్‌టాప్‌ను మూలన పడేయకుండా నడుపుకోవడానికి ఈ సూత్రం.

నకలు దాచి: ఫైళ్లను విడి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించుకోవాలి. డిస్క్‌కు విండోస్ తాళం బిట్‌లాకర్ వేసి ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోవాలి. బయాస్‌లో సెక్యూర్ బూట్‌ను కదిలిస్తే విండోస్ ఆ కీ అడగవచ్చు. అప్పుడు వెతికితే దొరకకపోవచ్చు.

లైవ్‌లో చూసి: ఉబుంటు, మింట్ వంటి లైనక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు, ఇన్‌స్టాల్ నొక్కనంతవరకు డిస్క్ జోలికి పోదు. వైఫై, సౌండ్, ప్రింటర్ ఇక్కడే పరీక్షించాలి. కొన్ని బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లకు డ్రైవర్ విడిగా కావాలి. డ్రైవర్‌కు నెట్, నెట్‌కు డ్రైవర్ అన్న చిక్కు వస్తే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి టెథరింగ్ పెడితే సరి.

చోటు పంచి: టాలీ, టెండర్ల డిజిటల్ సంతకం విండోస్ మీదే నడిపేవారు దాన్ని తుడిచేయకుండా డిస్క్‌లో రెంటికీ చోటిచ్చి డ్యూయల్ బూట్ పెట్టుకోవడం మేలు. లైనక్స్ నుంచి తిరిగి వస్తే విండోస్ గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోవచ్చు. చెడింది బ్యాటరీ కాదు: లైనక్స్ యంత్రపు గడియారంలో యూటీసీ దాస్తుంది, విండోస్ దాన్నే భారత కాలమనుకుంటుంది. లైనక్స్‌ను స్థానిక కాలానికి మారిస్తే కుదురుకుంటుంది.

రాత మార్చి: సూత్రానికి ప్రాణం ఈ పదమే. పెళ్లి పత్రికలు, కరపత్రాలు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చినవి. ఆ ఫైల్లో ఉన్నవి తెలుగు అక్షరాలు కావు; ఇంగ్లిష్ గుర్తుల స్థానాల్లో కూర్చిన తెలుగు బొమ్మలు. ఫాంట్ లేకపోతే అర్థం లేని గుర్తులే మిగులుతాయి. ప్రతి అక్షరానికీ సొంత స్థానమున్న యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, ప్రూఫ్ చూడక తప్పదు. టైపింగ్‌కు లైనక్స్ కీబోర్డు సాధనం ఐబస్‌లో ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు డీటీపీ వారికి అలవాటైన ఆపిల్ కీబోర్డు అమరిక కూడా ఉంది కనుక వేళ్ల అలవాటు పూర్తిగా వృథా కాదు. పేజీలు కూర్చడానికి స్క్రైబస్ ఉంది. 2024లో వచ్చిన 1.6 తెలుగు ఒత్తులను సరిగా పేరుస్తుంది.

ఆపైన: ఈ మాట వరుసను బిగిస్తుంది. రాత మార్చకముందే విండోస్‌ను తుడిచేస్తే, పాత పత్రికలో పేరు ఒక్కటి దిద్దాలన్నా ఇంకో విండోస్ యంత్రం వెతుక్కోవాలి.

లైనక్స్‌కు పోవలె: తెలుగు మెనూలతో స్వేచ్ఛ అనే లైనక్స్ ఓఎస్ 2005లోనే వచ్చింది. కాబట్టి ఆటంకం భాష లేకపోవడం కాదు, పాత పని ఒక కంపెనీ ఫాంట్‌లో చిక్కుకోవడం.

విశేషం: ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో బయటపడ్డ రాతప్రతుల గోండి లిపికి 2018లో యూనికోడ్ 11.0లో చోటు దక్కింది. నోటో ఉచిత ఫాంట్ ఉంటే ఆ లిపిలో రాసిన ఫైలును విండోస్‌లోనైనా లైనక్స్‌లోనైనా చదువుకోవచ్చు. లక్షల పేజీలున్న తెలుగు డీటీపీ రాతకు ఆ వీలు లేదు.

తాత్పర్యం: లైనక్స్ ఎక్కించడం ఒక పూట పని. రేపు ఏ యంత్రానికైనా పోవాలనుకునేవారు ఇవాళ్టి కొత్త ఫైలునైనా యూనికోడ్‌లో మొదలుపెట్టాలి; అది విండోస్‌లో ఉండి కూడా చేయగలిగిన పనే.