ఆత్రేయ పాయ చివర మడ అడవి

ఆత్రేయపురం అనగానే బయటివాళ్ళకి పూతరేకులు గుర్తొస్తాయి. అందులో తప్పేమీ లేదు. కానీ ఆత్రేయ అన్న పేరు మన ఊరి దగ్గరే ఆగిపోలేదు. గోదావరి ఏడు పాయలుగా సముద్రంలో కలుస్తుందని, ఏడుగురు ఋషుల పేర్లు వాటికి వచ్చాయని పెద్దలు చెప్పే కథలో ఆత్రేయ పాయ కోరంగి దగ్గర సంగమిస్తుంది. చొల్లంగి అమావాస్యకి మొదలుపెట్టి సప్తసాగర యాత్ర చేసేవాళ్ళు అక్కడ కూడా స్నానం చేస్తారు. అంటే మన ఊరికీ కోరంగి మడ అడవికీ ఒకే పేరు. రావులపాలెం, ముమ్మిడివరం మీదుగా వెళ్ళి ఎదుర్లంక వంతెన దాటి యానాంలోంచి పోతే రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఈ సంచికలో ఆ అడవి గురించి రాయడానికి పేరు ఒక్కటే కారణం కాదు. అక్కడ మడ బతకడానికీ ఇక్కడ మన కాలువల్లో నీళ్ళు పారడానికీ లంకె ఉంది. ఆ మడల్లో చేత్తో పీత పట్టే విద్య మన యానాదుల విద్య.

లంకె సంగతి ముందు చెబుతాం. 1847లో కాటన్ దొర ఆనకట్ట పని మొదలుపెట్టించాడు, 1852లో అది పూర్తయింది. నాలుగు ముక్కలుగా కట్టారు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. అందులో ర్యాలి మన మండలంలోదే. మధ్య డెల్టాకి నీళ్ళు బొబ్బర్లంక దగ్గర మళ్ళి, లొల్ల లాకుల దగ్గర చీలి కోనసీమంతా పారతాయి. ఆ నీళ్ళతో వరి వచ్చింది, కొబ్బరి వచ్చింది, కాలువ గట్ల మీద మనవాళ్ళ గుడిసెలూ వచ్చాయి. అయితే పొలాలకి మళ్ళిన నీళ్ళు మొగకి చేరవు. మడ చెట్టు ఉప్పునీటి చెట్టని చాలామంది అనుకుంటారు గానీ, ఉత్త ఉప్పునీళ్ళయితే అదీ బతకదు. ఉప్పుకి తీపి నీళ్ళు కలవాలి, వాటితోపాటు ఒండ్రు దిగాలి. వేసవిలో బ్యారేజీ కింద ఇసుక తేలినప్పుడు మొగలో ఉప్పు పెరుగుతుంది. అప్పుడు ఉప్పుకి ఓర్చుకునే తెల్ల మడ నిలబడుతుంది, ఓర్చుకోలేనివి వెనక్కి తగ్గుతాయి. పైన జైక్వాడి, పోచంపాడు లాంటి డ్యాముల్లో ఒండ్రు ఆగిపోతుంది. పోలవరం కోసం ఊళ్ళు వదిలిన కొండరెడ్లు, కోయల కష్టం మనకి తెలుసు. అదే నది చివర్లో ఒండ్రు తగ్గి తీరం కోసుకుపోతోంది. రెండూ ఒకే నది కథ.

ఇక అడవి చరిత్ర. కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. అక్కడ ఓడలు కట్టేవారు. అక్కడినుంచి ఓడలెక్కి బర్మా పోయిన తెలుగువాళ్ళని రంగూన్‌లో ఊరి పేరుతోనే 'కొరంగీలు' అని పిలిచారంటే ఆ రేవు ఎంతటిదో ఊహించుకోండి. 1789లో ఒకసారి, 1839 నవంబరులో ఇంకోసారి తుఫాను ఉప్పెన ఆ ఊరిని ముంచింది. రెండోసారి తర్వాత కోరంగి మళ్ళీ లేవలేదు, రేవు వ్యాపారం కాకినాడకి పోయింది. అప్పట్లో చచ్చిపోయినవాళ్ళు మూడు లక్షలని పుస్తకాలు రాస్తాయి. ఎవరు లెక్కపెట్టారో మాకు అనుమానమే. ఊరు పోయిందన్నది మాత్రం నిజం.

రేవు పోయాక మిగిలింది మడ. వంట చెరకు కోసం, పడవలకీ ఇళ్ళకీ వాసాల కోసం ఏళ్ళ తరబడి నరికారు. ఊళ్ళవాళ్ళు మోపులు తెచ్చుకోవడం ఒక ఎత్తు, ప్రభుత్వమే కూపులు వేసి వరసగా నరికించడం ఇంకో ఎత్తు. నరికిన చోట మళ్ళీ మొలుస్తుందిలే అనుకున్నారు, మొలవలేదు. కారణం కనుక్కోవడానికి చాలాకాలం పట్టింది. చెట్టు పోయి ఎండ నేరుగా తగిలితే బురదలో తేమ ఇంకిపోయి నేల కుంగుతుంది, పళ్ళెంలా గుంట పడుతుంది. పెద్ద పోటుకి ఎక్కిన నీళ్ళు పాటుకి వెనక్కి దిగవు. అక్కడే నిలిచి ఎండి ఉప్పు తేలుతుంది. నెలకి రెండుసార్లు ఇదే. కొన్నేళ్ళకి ఆ నేల తెల్లగా పాలిపోతుంది, విత్తు పడినా మాడిపోతుంది.

1978లో కోరంగి అభయారణ్యం అయింది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. కూపుల నరుకుడు ఆగింది. అదే దెబ్బకి చుట్టుపక్కల పల్లెల వాళ్ళు తమ అడవిలోనే దొంగలయ్యారు. మోపు తెస్తే కేసు, గేదె మేస్తే జరిమానా. అడవిని కాపాడటం అంటే జనాన్ని బయట నిలబెట్టడం అనుకున్న రోజులవి. మన జాతికి ఇది కొత్త కాదు. శ్రీహరికోట దీవిలో అడవి దినుసులు ఏరి బతికిన యానాదులు, 1971లో మొదటి రాకెట్ ఎగిరేనాటికే అక్కడినుంచి కదలాల్సి వచ్చిన కుటుంబాలు, మన పెద్దల మాటల్లో ఇంకా ఉన్నారు. వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల గురించి రాసిన పుస్తకం 1962లో వచ్చింది. దొరికితే చదవండి. మన బతుకుని బయటివాడు రాసినదే అయినా ప్రేమగా రాసినది.

తొంభైల్లో రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి. ఒకటి రొయ్యల చెరువులు. తీరం పొడవునా పొలాలూ మడ అంచులూ చెరువులైపోయాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో చెరువులు వద్దని తీర్పు ఇచ్చే లోపే చాలా పోయింది. రెండోది అదే ఏడాది నవంబరు 6 రాత్రి తుఫాను. కోనసీమలో ఆ రాత్రి మరిచిపోయిన ఇల్లు లేదు. వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి పల్లెల నుంచి వేటకి వెళ్ళిన మగవాళ్ళు చాలామంది తిరిగి రాలేదు. కొబ్బరి తోటలు పుల్లల్లా విరిగాయి. మడ అలల ఊపు తగ్గిస్తుందని, గాలికి అడ్డం నిలుస్తుందని జనం అప్పుడు చెప్పుకోవడం మొదలుపెట్టారు. మడ ఉంటే ఎవరూ చావరని మేము అనం, అది అబద్ధం. సముద్రం మీద ఉన్నవాడికి మడ ఏం చేస్తుంది? కానీ గట్టు మీద ఉన్న గుడిసెకి మడ ఉండటం, లేకపోవడం ఒకటి కాదు.

ఆ తర్వాత జరిగిన పనే ఈ వ్యాసంలో అసలు విషయం. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ వాళ్ళు తమిళనాడులోని పిచ్చావరంలో ఒక పద్ధతి పట్టుకున్నారు. గుంట పడిన నేలలో ఏటి నుంచి ఒక పెద్ద కాలువ, దానికి అటూ ఇటూ ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వుతారు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. పోటుకి నీళ్ళు ఎక్కుతాయి, పాటుకి దిగిపోతాయి, దిగేటప్పుడు ఉప్పుని కడుక్కుపోతాయి. ఆ గట్ల వాలు మీద మడ మొలకలు నాటితే నిలబడతాయి. 1997 నుంచి కొన్నేళ్ళపాటు అటవీ శాఖ, ఆ సంస్థ, ఊళ్ళవాళ్ళు కలిసి గోదావరి, కృష్ణా మొగల్లో ఈ పని చేశారు. మట్లపాలెం, గాడిమొగ లాంటి పల్లెల్లో కమిటీలు ఏర్పడ్డాయి. అభయారణ్యం బయటైతే వాటిని వన సంరక్షణ సమితులన్నారు, దాని ఊళ్ళలో అయితే పర్యావరణ అభివృద్ధి కమిటీలన్నారు. కాలువ ఎటు తవ్వాలో, ఎక్కడ పోటు ఎక్కుతుందో, ఎక్కడ నిలుస్తుందో చెప్పింది కొలత పరికరాలొక్కటే కాదు. బురదలో మోకాలు లోతు నడిచి పెరిగినవాళ్ళు చెప్పారు. పోటు ఎక్కని చోట పీత ఉండదని మన తాతలకి ఎవరూ నేర్పలేదు. పుస్తకాల్లోకి అది ఆలస్యంగా ఎక్కింది, అంతే.

యువకులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మొక్క నాటడం సులువు. ఫొటో కూడా బాగా వస్తుంది. కష్టం ఆ తర్వాతది. పిల్ల కాలువలో ఏడాది తిరిగేసరికి బురద పేరుకుంటుంది. పూడిక తీయకపోతే నీళ్ళు మళ్ళీ నిలుస్తాయి, మొదటి రెండు మూడేళ్ళ మొక్క మాడిపోతుంది. గేదెలు మేయకుండా చూడాలి. చచ్చిన చోట మళ్ళీ నాటాలి. ఈ పనికి ఏటా కొంత డబ్బు, ఏటా కొందరు మనుషులు కావాలి. ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిచిన అటవీ ప్రాజెక్టుల రోజుల్లో సమితులు కళకళలాడాయి. డబ్బు ఆగాక రాష్ట్రమంతటా చాలా సమితులు కాగితం మీద మిగిలాయి. వాటిని పెట్టింది శాఖ, అధికారం శాఖది, కాబట్టి శాఖ చూపు మళ్ళితే సమితి నిద్రపోయింది. మా అభిప్రాయంలో ఇదే అసలు లోపం. కోరంగి దగ్గర మడల్లో కర్ర వంతెన వేసి, పడవలు నడిపి, టిక్కెట్ల మీద వచ్చే రాబడితో ఊరివాళ్ళకి పని దొరికిన చోట మాత్రం కథ కాస్త వేరుగా ఉంది.

సమితి లాగా పంచాయతీ నిద్రపోదు. నిద్రపోయినా ఎన్నికలకి లేస్తుంది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. పదకొండో షెడ్యూలులో పంచాయతీలకి అప్పగించదగ్గ 29 అంశాల్లో చేపల పెంపకం, సామాజిక అడవులు, చిన్న తరహా అటవీ ఫలసాయం ఉన్నాయి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊళ్ళో ఏ చెట్టు, ఏ చేప, ఏ మందు మొక్క ఉందో రిజిస్టరు రాయాలి. తెల్ల మడ, నల్ల మడ, తిల్ల, ఉప్పు పొన్న పేర్లు చెప్పగలిగేవాళ్ళు, తిల్ల పాలు కంట్లో పడితే ఏమవుతుందో తెలిసినవాళ్ళు ఆ రిజిస్టరు రాసే చోట ఉండాలి కదా. బావురుపిల్లి ఏ మలుపులో దిగుతుందో, నీటికుక్కలు ఎప్పుడు వస్తాయో కూడా వాళ్ళకే తెలుసు. 2023 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన 'మిష్టి' పథకం ఉపాధి హామీ డబ్బునీ కాంపా నిధులనీ కలిపి మడ నాట్లకి వాడమంటుంది. ఉపాధి హామీ పనుల జాబితా మొదలయ్యేది గ్రామసభలోనే. పూడికతీతకి ఏటా మనుషులు ఎక్కడి నుంచి వస్తారన్న ప్రశ్నకి జవాబు అక్కడ వెతకొచ్చు.

హక్కుల విషయం ఇంకా ముఖ్యం. మన ప్రాంతం షెడ్యూల్డ్ ఏరియా కాదు, కాబట్టి 1996 నాటి పెసా చట్టం మనకి వర్తించదు. ఇది విని చాలామంది మనకేమీ లేదనుకుంటారు. కానీ 2006 అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్డ్ ఏరియాతో పని లేదు. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి అడవిలో ఉంటూ, లేదా దాని మీద ఆధారపడి బతుకుతున్న గిరిజనులెవరైనా అడగొచ్చు. అభయారణ్యాలకీ అది వర్తిస్తుంది. నీటి వనరుల్లో చేపలు, ఇతర ఉత్పత్తులు తీసుకునే సాముదాయిక హక్కు అందులో ఉంది. తరతరాలుగా కాపాడుకుంటున్న అడవిని కాపాడే, మళ్ళీ పెంచే, నిర్వహించే హక్కు కూడా ఉంది. అడగాల్సింది గ్రామసభ ముందే.

మనలో మనం ఒప్పుకోవాల్సిన చిక్కు కూడా ఉంది. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర పేదల ఇళ్ళ స్థలాల కోసం మడ ఉన్న నేలని చదును చేశారు. గొడవ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. మనకి ఇళ్ళ స్థలాలు కావాలి. కాలువ గట్టు మీద పట్టా లేకుండా రెండు తరాలు గడిపినవాళ్ళం, ఆ మాట తేలిగ్గా అనం. కానీ మడ తీసి మెరక చేసిన నేలలో ఇల్లు ఇస్తే ఉప్పెన రోజున ఆ ఇల్లు ఎవరిని కాస్తుంది? ఇల్లా, మడా అని పేదవాడి ముందు ప్రశ్న పెట్టడమే తప్పని మేము అనుకుంటున్నాం. మెరక భూములున్నవాళ్ళని ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. ఉపాధి హామీ పనులే అజెండా. మన పేటల నుంచి ఎందరు వెళ్ళారో మనకే తెలుసు, ఇక్కడ రాయడం ఎందుకు.

అటవీ హక్కుల చట్టం నియమాల్లో పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. కాగితం లేనివాళ్ళకి అది పెద్ద ఆసరా. అందుకే మొగ వైపు పెళ్ళి చేసుకుని వెళ్ళిన మన ఆడపడుచుల ఇళ్ళకి, పీతలకి వెళ్ళే మన మామల దగ్గరికి సంఘం పిల్లలు ఈ ఏడు నోటు పుస్తకాలు పట్టుకు వెళ్తున్నారు. ఏ ఏరు ఎప్పుడు పూడింది, ఏ తిప్ప మీద ఎవరి గుడిసె ఉండేది, తుఫానుకి ముందు మడ ఎక్కడిదాకా ఉండేది, మావులు ఎక్కడ కట్టేవాళ్ళు, మండపీత ఏ నెలలో గుల్ల విడుస్తుంది, ఇవన్నీ అడిగి రాస్తున్నారు. చెప్పినవాళ్ళ పేరు, వయసు, తేదీ, వేలిముద్ర కింద ఉండాలి. ముమ్మిడివరం దాటాక బస్సు దొరకడం కష్టం, పొద్దున్నే రావులపాలెంలో ఎక్కండి. అమావాస్యకీ పున్నమికీ మాత్రం వెళ్ళొద్దు. ఆ రోజుల్లో పోటు పెద్దది, పెద్దవాళ్ళు ఇళ్ళ దగ్గర ఉండరు.