అంకెలలోనికి వచ్చిన వెలుగు



ఛాయాగ్రహణమని మనవారు పేరు పెట్టిరి గాని, ఆ యంత్రము పట్టునది ఛాయను కాదు, వెలుగును. ఫ్రాన్సుదేశమున నియెప్సు అనునతడు 1826 ప్రాంతమున తన కిటికీనుండి కనబడు ఇండ్ల కప్పులను లోహపు పలకపై నిలిపినది మొదలు, నూటయేబది యేండ్లు ఈ విద్య రసాయనవిద్యగానే యుండెను. వెండి లవణములు, చీకటిగది, నీటితొట్టెలు: ఇవి పెద్దలెరిగినవే. చిత్రము అంకెలుగా మారిన కథను నేడు విన్నవింతును.

1957లో అమెరికాదేశపు ప్రభుత్వ ప్రమాణసంస్థయందు రస్సెల్ కిర్ష్ అను శాస్త్రజ్ఞుడు తన మూడునెలల కుమారుని ఛాయాచిత్రమును కంప్యూటరునకు చూపెను. యంత్రము దానిని నిలువున 176, అడ్డమున 176 గళ్లుగా విభజించి, గడిగడికిని వెలుగును లెక్కగట్టెను. ఆ గళ్లనే నేడు పిక్సెలు లనుచున్నారు. వానిని చతురస్రములుగా చేసినందులకు ఆయనయే వార్ధక్యమున విచారించి, వేరు ఆకృతులను వెదకెను.

అది కాగితముపైనున్న బొమ్మను చదువుట మాత్రమే. నేరుగా వెలుగునే విద్యుత్తుగా మార్చు సీ.సీ.డీ. అను పలకను 1969లో బెల్ పరిశోధనశాలలో బాయిల్, స్మిత్ అను నిద్దరు కల్పించిరి. నలుబది యేండ్ల తరువాత, 2009లో, వారికి నోబెల్ బహుమానము లభించినది. ఆ పలకను తెచ్చి 1975లో కొడాక్ సంస్థలోని స్టీవెన్ సాసన్ అను యువకుడు ఒక కెమేరాను కూర్చెను. దాని తూకము మూడున్నర కిలోలకు పైబడినది. చిత్రమున గళ్లు పదివేలు. ఒక్క బొమ్మ క్యాసెట్టు టేపుపై ఎక్కుటకు 23 సెకనులు. ఫిలిము నమ్మి బ్రతుకు సంస్థ దానిని తొందరపడి బజారునకు తేలేదు. 2012లో ఆ సంస్థ దివాలా పిటిషను వేసినపుడు లోకమంతయు దాని మూఢత్వమును ఎత్తిచూపినది. నాకది పూర్తిగా న్యాయమని తోచదు. 1991లో వృత్తిపరులకై డిజిటల్ కెమేరాను అమ్మకమునకు పెట్టినదియు కొడాకే. పెరటి చెట్టును నరికికొనుటకు ఎవ్వనికిని వెంటనే చేయి రాదు.

ఇక నాకు మిక్కిలి వింతగొలుపు విషయము. ఆ పలకకు వెలుగు ఎంతయో తెలియును గాని రంగు తెలియదు. కొడాకులోనే బ్రైస్ బేయర్ అనునతడు దీనికి ఉపాయము పన్నగా, 1976లో పేటెంటు లభించెను. గళ్లపై రంగుటద్దములవంటి పొరలను పరచెను: సగము ఆకుపచ్చ, పాతిక ఎరుపు, పాతిక నీలము. మన కన్ను వెలుగు తరతమములను పచ్చదనమునందే ఎక్కువగా గుర్తించును గనుక ఆకుపచ్చకు రెండు పాళ్లు. కావున ఒక్కొక్క గడి ఒక్క రంగునే చూచును. తక్కిన రెంటిని పొరుగు గళ్లను చూచి కెమేరా ఊహించుకొనును. తర్కము చదివినవాడను గనుక నాకిట్లు తోచును: ఈ విధమైన కెమేరా తీసిన రంగుల చిత్రమున మూడవపాలు ప్రత్యక్షము, మూడింట రెండుపాళ్లు అనుమానము. పొగను చూచి నిప్పును చెప్పునట్లే పొరుగును చూచి రంగును చెప్పుచున్నది. సన్నని చారల చీరను తీసినపుడు లేని రంగులు పొంగుట ఈ అనుమానము తప్పుటచేతనే.

చిత్రమును దిద్దుట మాత్రము క్రొత్తది కాదు. 1857లోనే రైలాండర్ అనునతడు ముప్పదికి పైబడిన నెగటివులను కలిపి ఒకే దృశ్యముగా అచ్చొత్తెను. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక తన నిలువుటట్టపై ఇముడునట్లు గీజా పిరమిడ్లను యంత్రముతో దగ్గరకు జరిపి నిందపడినది. ఇట్టి శక్తి అప్పుడు పెద్ద ముద్రణాలయములకే యుండెను. 1987లో మిషిగన్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ నోల్ తన కంప్యూటరు తెరపై బూడిదవన్నెలు కనబడుటకై వ్రాసికొన్న చిన్న ప్రోగ్రాము, తమ్ముడు జాన్ ప్రోద్బలమున పెరిగి, 1990లో ఫోటోషాపుగా వెలువడెను. తరువాత జింప్ అను ఉచిత సాధనమును వచ్చుటతో ఆ శక్తి సామాన్యులకును దక్కినది.

మా మనుమడు ఇట్టి సరదాగలవాడు. ఒక గుడిలో ధర్మకర్తల పేర్లు చెక్కిన రాతిపలకను తీసి, మచ్చలు పోవునట్లు నునుపుచేసి నాకు చూపెను. చిత్రము ముచ్చటగానే యున్నది. కాని ఒకచోట ‘ప’కారపు సందు పూడిపోయి ‘వ’కారమైనది, ఒక ధర్మకర్త ఇంటిపేరే మారినది. మూలచిత్రమును అతడు చెరిపివేయలేదు గనుక సరిపోయినది. ఆకాశమున తీగెలను చెరిపినచో నాకు పేచీ లేదు. పేరును చెరిపిన ఆ మనుష్యుని వంశమువారు మనలను అడుగుదురు. అందుచే సరదాకు తీయువారిని నేను కోరునది ఒక్కటే: కెమేరా మొదట వ్రాసికొన్న అంకెలను, రా ఫైలు అనబడువానిని, వేరుగా దాచుడు; దిద్దుబాటు నకలుపైననే చేయుడు.

తయారీదారులును ఈ దిక్కుననే యోచించుచున్నారు. 2023లో లైకా సంస్థ వెలువరించిన యొక కెమేరా, బొమ్మ తీసిన క్షణముననే దానికొక రహస్యగణితపు ముద్ర వేయును. పిమ్మట ఒక్క గడిని మార్చినను ఆ ముద్ర సరిపోదు. ముద్రను గౌరవించు సాధనములతో దిద్దినచో ఏమి మార్చితిరో అదియు జతగా నమోదగును. మన గ్రామకరణములు దస్తావేజులో కొట్టివేతకు ప్రక్కనే సంతకము పెట్టించినట్లన్నమాట.